'మెయింటెయినర్ అంటే నేనే అనుకున్నా అక్కా'

బెంగళూరు నుంచి ఒక అమ్మాయి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దంది. వయసు 26. సొంతూరు మదనపల్లె. బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటుంది, కోరమంగళలో ఒక చిన్న కంపెనీలో రెండేళ్లుగా పనిచేస్తోంది. షాపులవాళ్లు బిల్లులు ఫొటో తీసి పంపితే లెక్కలు రాసిపెట్టే యాప్ వాళ్లది. ఉన్న సర్వర్లు నాలుగు, నాలుగూ డెబియన్ అనే లినక్స్ మీద నడిచేవి. వాటిని చూసుకునే సీనియర్ జనవరిలో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. వెళ్లేముందు పాస్‌వర్డులిచ్చి, ఒక గంట కూర్చోబెట్టి చెప్పి, "నీకు వచ్చేస్తుందిలే, డౌట్ ఉంటే ఫోన్ చెయ్యి" అన్నారట. ఈ అమ్మాయి మొహమాటంతో ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు.

"శనివారం రాత్రి 11కి మొదటి సర్వర్‌ను డెబియన్ 11 నుంచి 12కి మార్చడం మొదలుపెట్టాను. మొదట్లో 'కంటిన్యూ చేయమంటారా' అని అడిగితే వై కొట్టాను. గంటసేపు లైన్లు పైకి పోతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి ఆగింది. ఎంజిన్‌ఎక్స్ (మా వెబ్ సర్వర్ ప్రోగ్రాం) సెట్టింగుల ఫైలు పేరు చెప్పి, 'మాడిఫైడ్ బై యూ ఆర్ బై ఎ స్క్రిప్ట్' అంది. నేనేమీ మార్చలేదే అనుకున్నాను. కింద వై, ఐ, ఎన్, ఓ, డి, జెడ్ అని ఆరు అక్షరాలు. డి అంటే తేడాలు చూపిస్తుందని ఉంటే నొక్కాను. ప్లస్సులు, మైనస్సులతో స్క్రీన్ నిండిపోయింది, కింద ఒక కోలన్ మెరుస్తోంది. ఏం నొక్కినా బయటికి రాలేదు. చివరికి ఎలాగో వచ్చాను. 'ప్యాకేజ్ మెయింటెయినర్స్ వెర్షన్' అని ఒకటుంది. ఈ సర్వర్‌ను మెయింటెయిన్ చేసేది నేనే కదా, అంటే నాదే ఉంచుతుందని వై నొక్కాను."

సోమవారం పొద్దున 10 గంటలకు ఫోన్లు మొదలయ్యాయి. బిల్లు ఫొటోలు ఎక్కడం లేదు, 413 ఎర్రర్. పక్క టీమ్ అబ్బాయి వెతికి ఒక లైను కలిపితే మధ్యాహ్నానికి సర్దుకుంది. కొత్త వెర్షన్‌లో ఏదో బగ్ అని మేనేజర్ అనుకున్నారు. ఈమె కాదనలేదు. రెండు వారాల తర్వాత రెండో సర్వర్ మొదలుపెడితే మధ్యలో నీలం రంగు తెర వచ్చి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) సెట్టింగుల గురించి ఏదో అడిగింది. భయపడి ల్యాప్‌టాప్ మూసేసింది. మూడు, నాలుగు సర్వర్లను ముట్టుకోనే లేదు. కానీ ఆఫీసు షీట్‌లో నాలుగింటి ఎదురుగా 'డన్' అని రాసేసింది. ఇది జరిగి పది వారాలు. రూమ్మేట్ ఏమో, ప్రశ్నలే రాకుండా అన్నిటికీ కొత్త ఫైలు పెట్టేసే కమాండ్ ఒకటుంది, వాళ్ల ఆఫీసులో అదే వాడతారు అంటోందట.

"ఆ ప్రశ్న వస్తే ఏది నొక్కాలి? మేనేజర్‌కి చెప్పాలా? అసలు ఈ పనికి నేను పనికొస్తానా?" అని అడుగుతోంది.

*

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ఇదే ఊళ్లో ఇదే పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది రెండో సర్వర్. ముందు దాని సంగతి చెప్పి, ఆ తర్వాత మిగతావాటికి వస్తాను.

అప్‌గ్రేడ్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ మూసేశావు. కనెక్షన్ తెగింది, పని సగంలో ఆగింది. ఇప్పుడు ఆ సర్వర్‌లో కొన్ని ప్యాకేజీలు (మూట కట్టి వచ్చే ప్రోగ్రాములు) 12వి, కొన్ని 11వి, కొన్ని మూట విప్పి పెట్టి ఇంకా సర్దనివి. సైట్ నడుస్తోంది కదా అంటావు. అప్పట్లో మెమరీలోకి ఎక్కిన పాత ప్రోగ్రాములే ఇంకా నడుస్తున్నాయి కాబట్టి నడుస్తోంది. రీబూట్ అయితే లేస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకని దాన్ని రీబూట్ చెయ్యకు, ఇంకెవరినీ చెయ్యనివ్వకు. ముందు క్లౌడ్ ప్యానెల్‌లోంచి ఒక స్నాప్‌షాట్, అంటే సర్వర్ ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు ఒక కాపీ, తీసుకో. తర్వాత లాగిన్ అయ్యి టీమక్స్ తెరిచి, అందులో డీపీకేజీని (డెబియన్‌లో ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రాం) 'కాన్ఫిగర్ ఆల్' అని నడిపించు. ఆగినచోట ఆప్ట్‌ను (ప్యాకేజీలను తెచ్చి డీపీకేజీకి అందించే ప్రోగ్రాం) నడిపిస్తే అదే ఆ కమాండ్‌ను నీకు స్క్రీన్ మీద రాసి చూపిస్తుంది. అది ఆగిపోయిన పనిని అందుకుంటుంది. తర్వాత ఫుల్ అప్‌గ్రేడ్ మళ్లీ ఒకసారి నడిపితే మిగిలినవి కూడా వస్తాయి. టీమక్స్ ఎందుకంటే, నీ వైఫై పోయినా, ల్యాప్‌టాప్ మూసినా సర్వర్‌లో పని ఆగదు. మళ్లీ లాగిన్ అయితే అదే ప్రశ్న అదే చోట నీ కోసం కాచుకుని ఉంటుంది. ఇంతకుముందు ఎవరైనా నీకు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే రెండో సర్వర్ ఈ స్థితికి వచ్చేది కాదు.

ఆ నీలం తెర మళ్లీ వస్తుంది. ఈసారి భయపడకుండా ఉండాలంటే అది ఏం అడుగుతోందో తెలియాలి. అందుకని మొదటి సర్వర్ రాత్రికి వెళ్దాం.

ఆ ప్రశ్నలో మూడు మాటలు నిన్ను తప్పుదారి పట్టించాయి. మూడూ రాసినవాళ్లకు తేటగా ఉన్నవే, కానీ రాత్రి పన్నెండుకి ఒంటరిగా చదివేవాళ్లకు కాదు.

మొదటిది 'బై యూ'. నువ్వు అంటే అక్కడ నువ్వని కాదు, ఈ మెషీన్ మీద ఎవరైనా అని. ప్రతి సెట్టింగుల ఫైలుకీ, ప్యాకేజీతో పాటు వచ్చినప్పుడు ఎలా ఉందో ఒక వేలిముద్ర డీపీకేజీ దగ్గర ఉంటుంది. కొత్త ప్యాకేజీ వచ్చినప్పుడు మూడింటిని పోల్చి చూస్తుంది. పాత ప్యాకేజీలో వచ్చిన ఫైలు ఎలా ఉండేది, ఇప్పుడు డిస్క్ మీద ఎలా ఉంది, కొత్త ప్యాకేజీలో ఎలా ఉంది. ఇక్కడ ఎవరూ చెయ్యి పెట్టకపోతే మాట్లాడకుండా కొత్తది పెట్టేస్తుంది. ఇక్కడ మార్చారు గానీ ప్యాకేజీలో మారలేదంటే మాట్లాడకుండా పాతది ఉంచేస్తుంది. రెండు వైపులా మారితేనే ఆగి అడుగుతుంది. కాబట్టి ఆ ప్రశ్న కనబడిందంటే ఒక మాట ఖాయం. ఈ ఫైలులో మీ ఆఫీసు వాళ్లెవరో, లేదా ఏదో స్క్రిప్టు, ఒక కారణంతో చెయ్యి పెట్టారు. నువ్వు కాకపోతే మీ సీనియర్.

రెండోది 'మెయింటెయినర్'. నువ్వు అనుకున్నది సహజం. మన ఆఫీసుల్లో మెయింటెనెన్స్ అంటే మనమే. కానీ డెబియన్ వాళ్ల వాడుకలో ప్యాకేజ్ మెయింటెయినర్ అంటే ఆ ఎంజిన్‌ఎక్స్‌ను డెబియన్ కోసం మూట కట్టి పంపే మనిషి. నీ సర్వర్ ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. మీ షాపులవాళ్లు 8 ఎంబీ ఫొటోలు పంపుతారని ఆయనకు తెలిసే దారే లేదు. 'మెయింటెయినర్స్ వెర్షన్' అంటే ఊరందరికీ సరిపడేలా ఆయన కుట్టిన చొక్కా. 'కరెంట్లీ ఇన్‌స్టాల్డ్ వెర్షన్' అంటే మీ సీనియర్ మీ కొలతలకు సరిచేసి పెట్టింది.

మూడోది వై. మొదట్లో 'కంటిన్యూ చేయమంటారా' అన్నప్పుడు వై అంటే కానివ్వు అని. అక్కడ ఎంటర్ కొట్టినా వై అనే లెక్క. గంట తర్వాత అదే స్క్రీన్ మీద, అదే తెల్లక్షరాల్లో వచ్చిన ఈ ప్రశ్నకు డిఫాల్ట్ ఎన్. ఇక్కడ వై అంటే కానివ్వు అని కాదు, 'మా ఫైలు తీసేసి మీది పెట్టండి' అని. వై, ఐ రెండూ ఒకటే. ఎన్, ఓ రెండూ ఒకటే. ఆరు అక్షరాలు కనిపించినా దారులు నాలుగే. ఊరికే ఎంటర్ కొట్టి ఉంటే నీ ఫైలు నీకు ఉండేది. స్థానికంగా చేసిన మార్పులను అప్‌గ్రేడ్ చెరపకూడదని డెబియన్ పాలసీలోనే రాసి ఉంది, అందుకే డిఫాల్ట్‌ను అటువైపు పెట్టారు.

డి నొక్కితే వచ్చేది లెస్ అనే ప్రోగ్రాం. దాంట్లోంచి బయటికి రావాలంటే క్యూ. ఒక్క అక్షరం. క్యూ నొక్కగానే మళ్లీ అదే ప్రశ్న దగ్గరికి తెస్తుంది, ఏమీ మారదు. మైనస్‌తో మొదలయ్యే లైన్లు ఇప్పుడు మీ ఫైలులో ఉన్నవి, ప్లస్‌తో మొదలయ్యేవి కొత్తగా రాబోయేవి. ఆ రాత్రి నీ కళ్ల ముందు మైనస్‌తో 'క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్' అనే లైను ఉండే ఉంటుంది. ఆ లైను పోతే ఎంజిన్‌ఎక్స్ తన సొంత లెక్కకు వెళ్తుంది. ఆ లెక్క 1 ఎంబీ. ఈ రోజుల్లో ఏ ఫోను ఫొటో 1 ఎంబీలో ఉంటుంది? 413 అంటే అదే, 'మీరు పంపింది మరీ పెద్దది' అని. ఆదివారం షాపులవాళ్లు బిల్లులు పంపలేదేమో, అందుకే సోమవారం దాకా బయటపడలేదు. జెడ్ నొక్కితే ఒక షెల్ ఇస్తుంది. ఫైలు తెరిచి చూసుకుని, కాపీ తీసుకుని, ఎగ్జిట్ అని కొడితే మళ్లీ ప్రశ్న దగ్గరికే వస్తావు. ఎంతసేపైనా ఉండొచ్చు, వెనకాల టైమర్ ఏమీ తిరగదు. ఆ స్క్రీన్ తొందర పెడుతున్నట్టు అనిపిస్తుంది గానీ పెట్టదు. నువ్వు కాఫీ తాగొచ్చి జవాబు చెప్పినా దానికి ఒకటే.

ఇప్పుడు నీకు సంతోషం కలిగించే మాట. నువ్వు పోగొట్టుకున్నానని అనుకుంటున్న ఆ ఫైలు పోలేదు. వై నొక్కినప్పుడు డీపీకేజీ మీ పాత ఫైలును అదే ఫోల్డర్‌లో, పేరు చివర 'డీపీకేజీ-ఓల్డ్' అని తగిలించి దాచిపెట్టింది. సెట్టింగులు ఉండే ఈటీసీ ఫోల్డర్ కింద ఎంజిన్‌ఎక్స్ ఫోల్డర్‌లో చూడు. ఎవరూ శుభ్రం చెయ్యకపోతే అక్కడే ఉంటుంది. ముందు దాన్ని ఇంకోచోటికి కాపీ చేసుకో, ఎందుకంటే మళ్లీ ఎప్పుడైనా అదే ఫైలు మీద ప్రశ్న వస్తే నీ జవాబును బట్టి ఆ ఓల్డ్ కాపీ చెరిగిపోవచ్చు. తర్వాత దాన్నీ ఇప్పటి ఫైలునూ డిఫ్ కొట్టి చూడు. పక్క టీమ్ అబ్బాయి ఒక్క లైనే కలిపాడన్నావు. మీ సీనియర్ మార్చింది ఒక్క లైనేనా? లాగ్ ఫార్మాట్ మార్చి ఉండొచ్చు, అసలు ఐపీ అడ్రసు పట్టుకునే లైన్లు పెట్టి ఉండొచ్చు. అలాంటివి పోతే 413లాగా అరిచి చెప్పవు, నెమ్మదిగా ఎప్పుడో ఎదురవుతాయి. ఈ పని ఈ రోజే చెయ్యి, పావుగంట కూడా పట్టదు.

మరి మిగతా సర్వర్లలో ప్రశ్న వస్తే ఏది నొక్కాలి? దారులు చెబుతాను, ఏ దారికి ఏ ఖర్చో కూడా చెబుతాను.

అన్నిటికీ ఎన్. రాత్రిపూట ఒంటరిగా ఉన్నప్పుడు ఇదే క్షేమం. పొద్దునకి అన్నీ నిన్నటిలాగే నడుస్తాయి, చాలాసార్లు. కొత్త ఫైలు కూడా పోదు, పేరు చివర 'డీపీకేజీ-డిస్ట్' అని పక్కనే ఉంటుంది. మర్నాడు తీరిగ్గా చూసుకోవచ్చు. చూసుకోకపోతేనే చిక్కు, ఆ చిక్కులో నేనే పడ్డాను. అప్పట్లో ఒక సర్వర్‌ను డెబియన్ 7 నుంచి 8కి మారుస్తున్నాను. ఎన్ అంటే క్షేమం అని నాకు బాగా నమ్మకం, అన్నిటికీ ఎన్ కొట్టుకుంటూ పోయాను. చివర్లో అపాచీ (ఎంజిన్‌ఎక్స్ లాంటిదే ఇంకో వెబ్ సర్వర్) లేవలేదు. 'ఇన్వాలిడ్ కమాండ్ లాక్‌ఫైల్' అంది. ఆ లాక్‌ఫైల్ లైను నేను రాసింది కూడా కాదు, పాత ప్యాకేజీతో వచ్చిందే. అపాచీ 2.2 పోయి 2.4 వచ్చింది, కొత్తదానికి ఆ మాటే తెలియదు. నేను ఒక మూల రెండు లైన్లు మార్చుకున్నందుకు, ఎన్ నొక్కి మొత్తం ఫైలునూ పాతదే ఉంచేశాను. లాక్‌ఫైల్ తీసేస్తే లేచింది, కానీ సైట్లు కనబడలేదు. కొత్తదాంట్లో సైటు ఫైళ్ల పేర్లు డాట్ కాన్ఫ్‌తో ముగియాలి. తెల్లారి 4 గంటల దాకా ఒక్కొక్కటీ సరిచేస్తూ కూర్చున్నాను. అందుకని, చిన్న అప్‌డేట్‌కు ఎన్ మంచిదే. 11 నుంచి 12 లాంటి పెద్ద గెంతుకు మాత్రం, ఎన్ నొక్కినా తర్వాత డిస్ట్ ఫైళ్లను కూర్చుని చూడాల్సిందే.

వై నొక్కి, మన మార్పులు మళ్లీ కలుపుకోవడం. ఫైలు కొత్తగా, శుభ్రంగా ఉంటుంది. కానీ వై నొక్కిన నిమిషం నుంచి నువ్వు కలిపే నిమిషం దాకా సర్వీసు నీ సెట్టింగులు లేకుండా నడుస్తుంది. ఎంజిన్‌ఎక్స్ అయితే 413తో పోయింది. అదే ఎస్‌ఎస్‌హెచ్ అయి, మీ సీనియర్ పోర్టు మార్చి ఉండి, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు ఒక్కటే తెరిచి ఉంటే, నువ్వు బయట ఉండిపోతావు. తేడాలు డిలో చదివి, ఏం కలపాలో నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నాకే వై.

రూమ్మేట్ చెప్పింది 'ఫోర్స్ కాన్ఫ్‌న్యూ' అయి ఉంటుంది. ఆమె తప్పు చెప్పలేదు. సెట్టింగులన్నీ ఆన్సిబుల్ లాంటిదాంట్లో రాసిపెట్టుకుని, అప్‌గ్రేడ్ కాగానే మళ్లీ అన్నీ దించేసే ఆఫీసుల్లో అది చక్కగా నడుస్తుంది. అక్కడ సర్వర్ మీద ఉన్నది నకలే, అసలు ఇంకోచోట ఉంటుంది. మీ దగ్గర అసలు సర్వర్ మీదే ఉంది, మీ సీనియర్ చేత్తో రాసింది. మీ మిగతా మూడు సర్వర్ల మీద ఆ కమాండ్ నడిపితే సోమవారం పొద్దున ఏమవుతుందో నీకు తెలుసు. ప్రశ్నలు రాకూడదంతే అనుకుంటే దానికి తోబుట్టువు ఉంది, 'ఫోర్స్ కాన్ఫ్‌ఓల్డ్'. అది అన్నిటికీ ఎన్ అన్నట్టు. ఇంకో సంగతి, 'నాన్ఇంటరాక్టివ్' అని పెట్టుకుంటే చాలు, ఏ ప్రశ్నా రాదని చాలామంది అనుకుంటారు. ఈ ఆరు అక్షరాల ప్రశ్న దానికి ఆగదు. ఎందుకంటే ఇది డెబ్‌కాన్ఫ్ (ఆ నీలం తెరల్లో ప్రశ్నలు అడిగే ప్రోగ్రాం) అడిగేది కాదు, డీపీకేజీ సొంతంగా అడిగేది.

నేను నీ చోట ఉంటే చేసేది ఇది కూడా కాదు. ప్రశ్న రావడానికి కారణమే తీసేస్తాను. ఎంజిన్‌ఎక్స్ పెద్ద ఫైలులోనే, కాన్ఫ్‌డాట్‌డి అనే ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైళ్లన్నీ చదువు అని ఒక లైను ఉంటుంది. మీ మార్పులను అక్కడ మీ కంపెనీ పేరుతో ఒక చిన్న ఫైలుగా పెట్టి, పెద్ద ఫైలును ప్యాకేజీ ఇచ్చినట్టే వదిలెయ్యి. ఇక పెద్ద ఫైలు ఎన్నిసార్లు మారినా డీపీకేజీ నిన్ను అడగదు, నీ చిన్న ఫైలు జోలికీ రాదు. ఎస్‌ఎస్‌హెచ్‌కు కూడా డెబియన్ 11 నుంచి ఇలాంటి ఫోల్డర్ ఉంది. సుడో అనే కమాండ్‌కు ఎప్పటి నుంచో ఉంది. ఒక్కొక్క లైనూ ఎందుకు పెట్టారో పైన ఒక కామెంట్ రాయి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసినా పర్వాలేదు, కారణం ఉంటే చాలు. కష్టం ఒక్కటే, ప్రతి సర్వర్‌కూ ఒక పూట కూర్చోవాలి, మార్చాక ఎంజిన్‌ఎక్స్‌కు 'మైనస్ టి'తో ఫైలు సరిగా ఉందో లేదో చూసుకుని రీలోడ్ చెయ్యాలి. మీకు ఉన్నవి నాలుగే కదా.

ఏ ఫైళ్లను కదిలించారో ఎలా తెలుసుకోవాలి అంటావా? డీపీకేజీని 'వెరిఫై' అని నడిపించు. అప్‌గ్రేడ్ మొదలుపెట్టకముందే, పగటిపూట. అది ఏదీ మార్చదు, చూసి చెబుతుందంతే. పక్కన సి అనే అక్షరంతో వచ్చే లైన్లు సెట్టింగుల ఫైళ్లు. ఆ ఆరు అక్షరాల ప్రశ్న రాత్రికి రావడానికి వీలున్నది ఆ జాబితాలో ఉన్నవాటి మీదే. నీలం తెర అడిగే ఎస్‌ఎస్‌హెచ్ ఫైలు మాత్రం అందులో కనబడదు. ప్రశ్నపత్రం ముందే చేతికొచ్చినట్టే. నాలుగైదు ఫైళ్లకు మించి ఉండవు, చూడు. వీలైతే ఈటీసీకీపర్ కూడా పెట్టుకో. ఈటీసీ మొత్తాన్ని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాం) ఉంచి, ఆప్ట్ నడిచిన ప్రతిసారీ ముందూ తర్వాతా కమిట్ చేసేస్తుంది. డెబియన్‌లో ప్రశ్నలు అడిగే డెబ్‌కాన్ఫ్ రాసిన జోయీ హెస్ అనే ఆయనే దాన్నీ రాశాడు. ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినా వెనక్కి రావడానికి దారి ఉండాలి కదా.

ఇక నీలం తెర. అది వేరే ప్రోగ్రాం, పేరు యూసీఎఫ్. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల మీద అడిగేది అదే. ప్రశ్న మాత్రం పాతదే, మాటలు కాస్త వేరు, అక్షరాల బదులు మెనూ. బాణం కీలతో కదలాలి, ట్యాబ్‌తో 'ఓకే' మీదికి వెళ్లాలి, ఎంటర్ కొట్టాలి. మౌస్ పనిచెయ్యదు. 'కీప్ ద లోకల్ వెర్షన్' మీద ముందే వెలుగుతూ ఉంటుంది. రెండో సర్వర్‌లో అదే ఉంచమంటాను. ఇక్కడ దాచిన కాపీల పేర్లు 'యూసీఎఫ్-ఓల్డ్', 'యూసీఎఫ్-డిస్ట్'. ఆ పని చేసేటప్పుడు పక్కన ఇంకో టెర్మినల్‌లో కూడా లాగిన్ అయి ఉండు. ఎస్‌ఎస్‌హెచ్ రీస్టార్ట్ అయినా ఉన్న సెషన్లు తెగవు. ఫైలు సరిగా ఉందో లేదో 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టి'తో చూసి, మూడో టెర్మినల్ నుంచి కొత్తగా లాగిన్ అవుతోందని తేల్చుకున్నాకే మిగతావి మూసెయ్యి. ఈ అలవాటు నన్ను ఎన్నిసార్లు కాపాడిందో లెక్కలేదు. ఏ సర్వీసులు రీస్టార్ట్ చెయ్యాలి అని టిక్కు పెట్టమనే తెరలు కూడా ఒకటి రెండు వస్తాయి. టిక్కుకు స్పేస్‌బార్, అంతకుమించి వాటిలో భయపడాల్సింది లేదు.

ఒక విషయం విడదీసి చూడు. 11 నుంచి 12కి గెంతడం వేరు, ఉన్న వెర్షన్‌లో వారంవారం వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు వేరు. నువ్వు రెండింటికీ కలిపి భయపడి రెండూ ఆపేశావు. సెక్యూరిటీ అప్‌డేట్లలో సెట్టింగుల ఫైళ్లు మారడం చాలా అరుదు, అందుకని ఆ ప్రశ్నలు కూడా అరుదే. అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ పెట్టుకుంటే అవి వాటంతట అవే ఎక్కుతాయి. ఏదైనా ప్యాకేజీకి ప్రశ్న వచ్చేలా ఉంటే దాన్ని మాత్రం వదిలేసి, దీన్ని మీరే చెయ్యండి అని లాగ్‌లో రాసి ఊరుకుంటుంది. 2024 జూలైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో, లాగిన్ కాకుండానే రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం) దాకా వెళ్లే లోపం బయటపడ్డప్పుడు డెబియన్ 12 సర్వర్లకు వెంటనే సవరణ వచ్చింది. అలాంటిది రేపు వస్తే, పది వారాలుగా అప్‌డేట్లే ఎక్కని సర్వర్లు మీవి. మూడు, నాలుగు సర్వర్లను గెంతించకపోయినా పర్వాలేదు. ఈ వారంలో వాటికి అప్‌డేట్లు మాత్రం వెయ్యి.

షీట్ గురించి. నిన్ను తిట్టడానికి కాదు గానీ, ఎంజిన్‌ఎక్స్ ఫైలు మీద వై నొక్కడం తప్పు కూడా కాదు, ప్రశ్న అర్థం కాకపోవడం. 'డన్' అని రాయడం మాత్రం నువ్వు చేసిన పని. దీనికి నీ ముందు మూడు దారులున్నాయి.

ఎవరికీ చెప్పకుండా రెండు శనివారాల్లో అన్నీ పూర్తిచేసి, షీట్‌ను నిజం చెయ్యడం ఒకటి. నీకు మొదట తోచేది ఇదేనని తెలుసు. సాఫీగా జరిగితే ఎవరికీ తెలియకపోవచ్చు. కానీ ఆప్ట్ ప్రతి అప్‌గ్రేడ్‌ను తేదీతో, టైముతో సహా తన హిస్టరీ లాగ్‌లో రాసుకుంటుంది. స్క్రీన్ మీద వచ్చినవి కూడా టర్మ్ లాగ్‌లో ఉంటాయి. రేపు ఎవరు చూసినా షీట్‌లో ఒక తేదీ, సర్వర్‌లో ఇంకో తేదీ. అంతకన్నా పెద్దది, సగంలో ఆగిన సర్వర్‌ను నువ్వు సరిచేస్తున్నావని ఎవరికీ తెలియకపోతే, రాత్రి ఒంటిగంటకు అది లేవకపోతే నువ్వు ఫోన్ చెయ్యడానికి ఎవరూ ఉండరు. మొదటి రాత్రి కూడా నీకు జరిగింది అదే.

ఊరుకోవడం ఇంకొకటి. రెండో సర్వర్‌ను క్లౌడ్ వాళ్లు ఏదో ఒకరోజు వాళ్ల పని కోసం రీబూట్ చేస్తారు. ఆ రోజు అది లేవకపోతే అందరూ ముందు షీట్ తెరుస్తారు.

మూడోది వెళ్లి చెప్పడం. మేనేజర్ కోప్పడొచ్చు, ఈసారి రేటింగ్ మీద పడొచ్చు కూడా. పడదని నేను మాట ఇవ్వలేను. కానీ ఉత్త చేతులతో వెళ్లకు. డీపీకేజీ-ఓల్డ్ ఫైలు చూసి ఏమేం పోయాయో రాసుకో, వెరిఫై జాబితాలు తీసుకో, ఏ సర్వర్ ఏ రాత్రి, ఎంతసేపు, చెడిపోతే స్నాప్‌షాట్ నుంచి ఎలా వెనక్కి వస్తామో ఒక పేజీ చెయ్యి. అప్పుడు ఇలా చెప్పొచ్చు: "సర్, ఆ 413 బగ్ కాదు, అప్‌గ్రేడ్‌లో వచ్చిన ప్రశ్నకు నేను తప్పు జవాబిచ్చాను. తర్వాత భయపడి మిగతావి పూర్తిచెయ్యకుండానే డన్ అని రాశాను. ఒకటి సగంలో ఉంది. ఇదిగో ప్లాన్. రెండు రాత్రులు నాతో పాటు ఇంకొకరు ఆన్‌లైన్‌లో ఉండాలి." నేను టీమ్ నడిపిన రోజుల్లో ఇలా వచ్చిన పిల్లల మీద నాకు ఎక్కువసేపు కోపం నిలవలేదు. మీ మేనేజర్ ఎలాంటివారో నీకే తెలుసు. మరీ కఠినంగా ఉండే మనిషైతే ముందు రెండో సర్వర్‌ను స్నాప్‌షాట్ తీసి నిలబెట్టి, ఆ మర్నాడే వెళ్లు. ఒక్క రోజు తేడాతో నీ మాటలో వణుకు తగ్గుతుంది. నా మొగ్గు ఈ మూడోదానివైపే. కానీ ఆ గదిలోకి వెళ్లాల్సింది నువ్వు కాబట్టి నిర్ణయం నీదే.

పనికొస్తానా అని అడిగావు. వై కొట్టే ముందు డి నొక్కావు నువ్వు. అర్థం కాకపోయినా తేడాలు చూడాలనుకున్నావు. చాలామంది అది కూడా చెయ్యరు. నీకు కొదవైనది లెస్‌లోంచి బయటికి రావడానికి ఒక అక్షరం, ఆ సర్వర్ల మీద ఏది ఎందుకు మార్చారో రాసిన ఒక కాగితం. ఆ కాగితం ఇచ్చి వెళ్లాల్సింది నీ సీనియర్, ఒక గంటలో అది కుదరదు. ఆయన్ను తప్పుపట్టడం లేదు, మనమందరం అలాగే వెళ్లిపోయాం ఒక్కో ఆఫీసు నుంచి.

ఆయన ఫోన్ చెయ్యమన్నారు కదా. నాలుగు సర్వర్ల వెరిఫై జాబితాలు దగ్గర పెట్టుకుని ఈ ఆదివారం ఒక మెసేజ్ పెట్టు: "అన్నా, ఈ ఫైళ్లు మీరు ఎందుకు మార్చారో ఒక్కోదానికి ఒక్కో లైను చెబుతారా?" జాబితాలో లేకపోయినా ఎస్‌ఎస్‌హెచ్ ఫైలు గురించి ముందు అడుగు, రెండో సర్వర్‌లో నీలం తెర వచ్చేలోపు ఆ జవాబు నీ చేతిలో ఉండాలి.